రెండు భాగాల స్టోమా బ్యాగ్: నాలుగు నెలలు వాడాక

ఆపరేషన్‌లో మలం బయటికి రావడానికి పొట్టమీద చేసిన ద్వారాన్ని స్టోమా అంటారు, దాని మీద పెట్టుకునే సంచే ఈ బ్యాగ్. మొదట వాడిన ఒకే భాగం బ్యాగ్ రెండుసార్లు నలుగురిలో ఉండగానే లీకైంది. ఆ తర్వాత పిలిచినా ఎవరింటికీ వెళ్ళలేదు, ఫోన్ మోగినా ఎత్తబుద్ధి కాలేదు. నా దగ్గర వాసన వస్తుందేమోనని ఇంట్లోవాళ్ళకు కూడా దూరంగా కూర్చునేవాణ్ణి.

ఈ రెండు భాగాల దాంట్లో స్టోమా చుట్టూ చర్మానికి అంటించే ప్లేటు వేరు, బ్యాగ్ వేరు. ప్లేటు మూడు నాలుగు రోజులకోసారి మారుస్తున్నాను, బ్యాగ్ ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసి పెట్టుకోవచ్చు. ప్లేటును అరచేతుల మధ్య కాసేపు వెచ్చబెట్టి, అంటించాక ఒక నిమిషం అదిమి పట్టుకుంటే చుట్టూ బాగా అతుక్కుంటుంది. బ్యాగ్ బిగించేటప్పుడు టక్కుమని చప్పుడు వస్తుంది చూడండి, అది వినగానే నాకు సగం టెన్షన్ పోతుంది.

అసలు పాత లీకులకు తప్పంతా బ్యాగ్‌ది కాదట. ఆపరేషన్ అయ్యాక 6 నుంచి 8 వారాల్లో స్టోమా వాపు తగ్గి చిన్నదవుతుంది, నేనేమో పాత కొలతకే ప్లేటులో రంధ్రం కత్తిరిస్తూ వచ్చాను, స్టోమా నర్స్ మళ్ళీ కొలిచి చూపించేదాకా తెలియలేదు. మీరు కూడా తప్పకుండా కొలిపించుకోండి.

లోపాలూ ఉన్నాయి. బ్యాగ్‌లో గాలిని బయటికి వదిలే ఫిల్టర్ తడిస్తే పనిచేయదు, బ్యాగ్ గాలితో ఉబ్బుతుంది. పల్చటి చొక్కా వేస్తే ప్లేటు, బ్యాగ్ కలిసే రింగు తెలుస్తుంది.

పోయిన వారం స్నేహితుడి ఇంట్లో మూడు గంటలు కూర్చున్నాను. మూడో వంతు నిండగానే వెళ్ళి ఖాళీ చేసుకొచ్చాను, ఎక్కడికెళ్ళావని అడిగితే మొదటిసారి దాచకుండా చెప్పాను. "ఇన్నాళ్ళూ దీనికా రాలేదు?" అని పక్కకు జరిగి చోటిచ్చాడు. ఐదుకి నాలుగు.