సైకోపై: డిగ్రీ విద్యార్థికి అందుబాటులో ఉన్న ప్రయోగశాల

డిగ్రీలో మనస్తత్వశాస్త్రం చదివే విద్యార్థికి పరిశోధన అనుభవం దొరకడం కష్టం. ప్రాక్టికల్స్‌లో అద్దంలో చూస్తూ నక్షత్రం గీయిస్తాం, చివరల బాణపు గుర్తుల వల్ల పొడవు తేడాగా కనిపించే ముల్లర్-లయర్ గీతలను పోల్చమంటాం, రంగుల పేర్లు వేరే రంగుల్లో అచ్చయిన స్ట్రూప్ కార్డులు చూపి, స్టాప్‌వాచ్ పట్టుకొని అక్షరాల రంగు చెప్పిస్తాం. కానీ వాటి పద్ధతి ముందే రాసి ఉంటుంది, ఫలితం ముందే తెలిసి ఉంటుంది, చివరకు మన వంతుకు మిగిలేది రికార్డు నింపడమే. ఈ అసంతృప్తితోనే మేము నలుగురం చివరి సంవత్సరం ప్రాజెక్టుకు, మనస్తత్వ ప్రయోగాలను కంప్యూటర్ మీద తయారుచేసి నడిపే సైకోపై అనే సాఫ్ట్‌వేర్‌ను ఎంచుకున్నాం.

ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయానికి చెందిన జొనాథన్ పియర్స్ రూపొందించిన ఈ సాఫ్ట్‌వేర్ పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాయబడింది; దీనిని పరిచయం చేసిన పరిశోధన పత్రం 2007లో వెలువడింది. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ పనిచేస్తుంది, పూర్తిగా ఉచితం. కోడ్ రాయడం తెలిసినవారికి కోడర్, తెలియనివారికి బిల్డర్ అని ఇందులో రెండు విభాగాలున్నాయి. మేము బిల్డర్‌తోనే పని ముగించాం.

దీని అసలు విలువ మాకు తెలుగు స్ట్రూప్ ప్రయోగం తయారుచేసేటప్పుడు అర్థమైంది. 1935లో జాన్ రిడ్లీ స్ట్రూప్ ప్రచురించిన ప్రయోగాన్ని కార్డులతో చేస్తే మొత్తం కార్డుకు పట్టిన సమయం మాత్రమే తెలుస్తుంది. ఇక్కడ ఒక్కొక్క పదానికి ప్రతిచర్యా కాలమూ, జవాబు తప్పా ఒప్పా అన్నదీ విడివిడిగా నమోదవుతాయి. అంతకంటే ముఖ్యంగా, ప్రతి నిర్ణయమూ మనమే తీసుకోవలసి వస్తుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం, పసుపు అనే నాలుగు పదాలను నాలుగు రంగుల్లో చూపిస్తే పదహారు జతలు ఏర్పడతాయి; వాటిలో పదమూ రంగూ కలిసేవి నాలుగే, కలవనివి పన్నెండు. రెండు రకాలూ సమానంగా రావాలంటే కలిసే జతలను మూడేసిసార్లు చూపించాలి. ‘నీలం’ రెండక్షరాల పదం, ‘ఆకుపచ్చ’ నాలుగక్షరాలది. పదం పొడవు ఫలితాన్ని కలుషితం చేయకూడదంటే ప్రతి పదమూ రెండు పరిస్థితుల్లోనూ అన్నేసిసార్లే రావాలి. ఎక్సెల్ పట్టికలో ఈ జతలను వరుసగా రాసి బిల్డర్‌కు అందించినప్పుడు, పాఠ్యపుస్తకంలో కంఠస్థం చేసిన ‘బాహ్య చరాల నియంత్రణ’ (మనం పరీక్షించని అంశాలు ఫలితాన్ని మార్చకుండా చూడటం) అనే మాటకు నిజమైన అర్థం నాకు మొదటిసారి బోధపడింది.

తెలుగు వాడేవారికి ఒక జాగ్రత్త చెప్పాలి. ఒత్తులూ గుణింతాలూ తెర మీద సరిగా కూడుకుంటాయన్న భరోసా లేదు కనుక, ప్రతి పదాన్నీ ముందే బొమ్మగా తయారుచేసి చూపించడం మేలు. అప్పుడు ఏ కంప్యూటర్‌లోనైనా అక్షరాలు ఒకేలా కనిపిస్తాయి.

సమయ కొలతలో దీని కచ్చితత్వం ప్రశంసనీయం. ఇటువంటి సాఫ్ట్‌వేర్లను పోల్చిన 2020 నాటి అధ్యయనంలో ప్రయోగశాల పరిస్థితుల్లో సైకోపై మిల్లీసెకనుకు లోపలి కచ్చితత్వం చూపింది. అయితే ఆ అధ్యయనకర్తలలో సైకోపై రూపకర్తలు కూడా ఉన్నారని పాఠకులు గమనించాలి. సాఫ్ట్‌వేర్ ఎంత కచ్చితమైనదైనా, సెకనుకు అరవై సార్లు మారే తెర మీద ఒక్కో ఫ్రేమ్ (ఒకసారి చూపే చిత్రం) సుమారు 16.7 మిల్లీసెకన్లు నిలుస్తుంది, ఫ్రేమ్ మధ్యలో ఆగడం కుదరదు కాబట్టి ఉద్దీపనను (చూపించే పదాన్ని లేదా బొమ్మను) ఇరవై మిల్లీసెకన్లు చూపించాలని కోరడంలో అర్థం లేదు. సాధారణ కీబోర్డు కూడా తన వంతు ఆలస్యం కలుపుతుంది. అందుకే ప్రయోజ్యులందరినీ (ప్రయోగంలో పాల్గొన్నవారిని) ఒకే ల్యాప్‌టాప్ మీద పరీక్షించాం.

ఆన్‌లైన్‌లో ప్రయోగం నడపడానికి పావ్లోవియా అనే అనుబంధ సేవ ఉంది. దానికి సంస్థ తరఫున లైసెన్సు ఉండాలి, లేదా ఒక్కొక్క ప్రయోజ్యుడికి రుసుము చెల్లించాలి. డిగ్రీ ప్రాజెక్టుకు కళాశాలలో ఒక నిశ్శబ్దమైన గది చాలునని నా అభిప్రాయం. దత్తాంశాలు సీఎస్‌వీ ఫైలుగా (ఎక్సెల్‌లో తెరుచుకునే సాదా పట్టికగా) వస్తాయి, వాటిని ఉచితంగానే దొరికే జాస్ప్ అనే గణాంక సాఫ్ట్‌వేర్‌లో విశ్లేషించుకోవచ్చు. నైతిక అనుమతి, సమ్మతి పత్రం, పరికల్పనను ముందుగానే రాసిపెట్టుకోవడం వంటివి మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ నేర్పదు. వాటికి మార్గదర్శకుడైన అధ్యాపకుడు తప్పనిసరి.

మొదటిసారి వాడేవారు నేర్చుకోవడానికి కనీసం మూడు వారాలు కేటాయించాలి, ప్రయోగం మొదలయ్యాక సైకోపై వెర్షన్ మార్చకూడదు, మొదటి ప్రయోజ్యుణ్ణి పిలిచే ముందు తామే ప్రయోజ్యులుగా కూర్చొని చివరివరకూ చేసి, వచ్చిన ఫైలును వరుస వరుసా చదివి చూసుకోవాలి.