ప్యూపాను కొమ్మ మీదే చూడాలా, ఇంటికి తెచ్చి పెంచాలా?

పొదలకూరు నిమ్మతోటలో కనిపించిన ప్యూపా (గొంగళిపురుగు రెక్కల పురుగుగా మారే ముందు తొడుగులో ఉండే దశ) ఏ కీటకానిదో తెలుసుకోవడానికి కొమ్మ మీదే గమనించవచ్చు, లేదా సీసాలో ఉంచి పెంచవచ్చు.

కొమ్మ మీదైతే ఖర్చు లేదు: తోక కొన కొమ్మకు అంటుకొని, నడుముకు సన్నని పట్టుదారం చుట్టుకొని, ఆకుపచ్చగానో ఎండుపుల్ల రంగులోనో ఉంటే అది చాలావరకు నిమ్మ సీతాకోకచిలుకదే. బయటికి వచ్చే ముందు తొడుగులోంచి రెక్కల నలుపు, పసుపు మచ్చలు కనిపించడం చూడవలసిన దృశ్యం. సీసాకైతే గుడ్డ మూత, నిలువు పుల్ల, రోజూ కనిపెట్టుకునే ఓపిక కావాలి.

వేరుశనగ చేలో మట్టి తవ్వితే దొరికే నున్నని ఎర్రగోధుమ ప్యూపా పొగాకు లద్దె పురుగుది కావచ్చు గాని, అదే పోలికలో ఇంకెన్నో ఉన్నందున చూపుతో తేల్చడం నాకు నమ్మకంగా తోచదు. ఒక్కోసారి రెక్కల పురుగుకు బదులు పరాన్నజీవి ఈగ వస్తుంది.

పట్టుదారం తెగితే ప్యూపా పడి దెబ్బతింటుంది కనుక కొమ్మ మీదిదాన్ని అక్కడే చూడటం, మట్టిలోదాన్ని తేమ మట్టిలోనే పెంచి చూడటం మేలు.