లీమా ఒడ్డా, గ్వాదియానా ఒడ్డా? పోర్చుగల్‌లో నిదానంగా నడిచేవాళ్లకు ఏది మేలు

పోర్చుగల్ వెళ్లిన మనవాళ్లలో చాలామంది లిస్బన్, పోర్తో, దక్షిణాన బీచ్‌లు చూసుకుని తిరిగొచ్చేస్తారు. నాకైతే ఆ దేశాన్ని నడిచి చూడాలనిపిస్తుంది. కొండలెక్కక్కర్లేదు. చిత్తడి నేలలు, నది లోయలు, పాత కోటలు దగ్గరదగ్గరగా ఉన్న ప్రాంతాలు అక్కడ చాలా ఉన్నాయి. రోజుకి ఎనిమిది, పది కిలోమీటర్లు నెమ్మదిగా నడవగలిగితే చాలు.

మా అమ్మకి అరవై ఏడేళ్లు. మోకాళ్ల వల్ల మెట్లంటే భయం, చదునుగా ఉంటే మాత్రం నాకంటే ఎక్కువ దూరం నడుస్తుంది. తనతో రెండుసార్లు వెళ్లాను. ఒక ఫిబ్రవరిలో ఆగ్నేయ మూలన, స్పెయిన్ సరిహద్దుగా పారే గ్వాదియానా వెంట. ఇంకోసారి మే చివర్లో ఉత్తరాన లీమా నది లోయలో. పెద్దవాళ్లతో వెళ్తున్నాం, రెంటిలో ఏది మంచిదని ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. వాళ్ల కోసమే ఇది.

ముందు గ్వాదియానా. నది సముద్రంలో కలిసే చోటికి కాస్త ఎగువన కాస్త్రో మరీం అనే చిన్న ఊరుంది. చుట్టూ ఉప్పు మడులు, ఆటుపోట్లకి మునిగి తేలే బురద నేల. 1975లో దీన్ని ప్రకృతి రిజర్వుగా ప్రకటించారు. పోర్చుగల్ ప్రధాన భూభాగంలో మొదటిది ఇదే. మడుల మధ్య మట్టి గట్ల మీద బాట ఉంటుంది, బల్లపరుపుగా, ఒక్క మెట్టు కూడా లేకుండా. ఉప్పు తీసేది ఎండాకాలంలో. చలికాలంలో మడుల నిండా నీళ్లుంటాయి, ఆ నీళ్లలో ఫ్లెమింగోలు.

అమ్మది నెల్లూరు జిల్లా. గట్టు మీద ఆగి, "ఒరే నాన్నా, మన పులికాట్‌కి వచ్చేవి ఇవే కదరా" అంది. నిజమే, జాతి ఒకటే. కానీ పులికాట్‌లో మేం చూసినప్పుడు అవి దూరంగా గులాబీ రంగు గీతలా కనిపించాయి. ఇక్కడ ముప్పై, నలభై అడుగుల దూరంలో ఒకటి మేస్తోంది. తల పూర్తిగా తలకిందులు చేసి ముక్కు నీళ్లలో పెట్టింది. కాళ్లతో ఉన్నచోటే బురద తొక్కుతూ గుండ్రంగా తిరుగుతోంది. పైకి లేచిన బురదనీటిని ముక్కుతో వడగట్టుకుంటోంది, ఆ చప్పుడు కూడా వినిపిస్తోంది. మేం అరగంట కదల్లేదు.

ఊరి మీద కోట ఉంది. టెంప్లర్లు అనే పాత యోధ సన్యాసుల సంస్థ రద్దయ్యాక, దాని ఆస్తులతో పోర్చుగల్‌లో ఏర్పడిన క్రీస్తు సంఘం అనే అలాంటి సంస్థకి 1319 నుంచి 1356 దాకా ఇదే కేంద్రం. ఆ తర్వాత తొమార్ అనే ఊరికి మార్చారు. ఎక్కాల్సింది కొంచెమే కానీ నిటారుగా ఉంటుంది, అమ్మ రెండుచోట్ల కూర్చుంది. పైనుంచి చూస్తే ఉప్పు మడులు అద్దం ముక్కల్లా, వాటి వెనక నది, ఆవల స్పెయిన్.

నది వెంట పైకి వెళ్తే అల్కోతీం. నదికి ఇటు అల్కోతీం, అటు స్పెయిన్ వాళ్ల సాన్‌లూకార్, ఎదురెదురు ఇళ్లలా ఉంటాయి. 1371లో పోర్చుగల్ రాజుకీ, ఇప్పటి స్పెయిన్‌లో భాగమైన కాస్తీల్ రాజ్యపు రాజుకీ మధ్య సంధి కుదిరింది ఇక్కడే. రెండు దేశాల గడియారాలకీ గంట తేడా కాబట్టి అటు ఒడ్డున టైమ్ ఇటు ఒడ్డుకంటే గంట ముందు నడుస్తుంటుంది. ఇంకా ఎగువన మేర్తొలా. అక్కడి చర్చి ఒకప్పటి మసీదు. లోపల స్తంభాలు వరసలుగా ఉంటాయి, మక్కా దిక్కు చూపే మిహ్రాబ్ గూడు ఇప్పటికీ కనిపిస్తుంది. ఆ గూటి ముందు నిలబడితే ఈ నది ఎంతమందిని చూసిందో పుస్తకం అక్కర్లేకుండా తెలుస్తుంది.

ఇంత చెప్పాక ఇబ్బందులూ చెప్పాలి. ఈ మూడు ఊళ్ల మధ్య ముప్పై, నలభై కిలోమీటర్ల చొప్పున దూరం. బస్సులు బాగా తక్కువ, రైలు నది ముఖం దగ్గర విలా రెయాల్‌తోనే ఆగిపోతుంది. కారు లేకపోతే టెన్షనే. విలా రెయాల్ నుంచి అల్కోతీం దాకా సుమారు 65 కిలోమీటర్ల నడక బాట ఉంది కానీ, పైకి వెళ్లేకొద్దీ గుట్టలు ఎక్కి దిగాలి, పెద్దవాళ్లకి అది వద్దు. అన్నిటికంటే ముఖ్యం నీడ. దాదాపు ఉండదు. గుట్టల మీద జిగురాకుల పొదలే తప్ప చెట్టు కింద కూర్చుందామంటే చెట్టుండదు. ఫిబ్రవరిలో కూడా మధ్యాహ్నానికి మా నీళ్ల సీసాలు ఖాళీ అయ్యాయి. తప్పు నాదే, ఒక్కోటే తెచ్చాను. ఇదే నది పరీవాహకంలో అమరెలేజా అనే ఊళ్లో 2003 ఆగస్టులో 47 డిగ్రీలు దాటింది. రెంటచింతల ఎండ తెలిసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. జూన్ నుంచి సెప్టెంబర్ మధ్య ఇటు పెద్దవాళ్లని తీసుకెళ్లకండి.

ఇక లీమా. ఇక్కడ మకాం ఒక్కటే, పోంతె ద లీమా. రైలు లేదు కానీ బ్రాగా నుంచి, వియానా దో కాస్తెలో నుంచి బస్సులున్నాయి. 1125లో రాణి తెరేజా ఈ ఊరికి హక్కుల పత్రం ఇచ్చింది. పోర్చుగల్ మొదటి రాజు తల్లి ఆవిడ. అంటే దేశం కంటే ఈ ఊరి కాగితమే పాతది. పత్రంలో ప్రస్తావించిన సంత ఇప్పటికీ రెండు వారాలకోసారి సోమవారం నాడు నది ఇసుకలో జరుగుతుంది.

ఊరి వంతెనే సగం చరిత్ర. ఎక్కువ భాగం మధ్యయుగంలో కట్టింది. కుడి ఒడ్డు చివర ఉన్న కొన్ని కమానులు మాత్రం రోమన్లవి. నది పక్కకి జరగడంతో ఇప్పుడవి పొడి నేల మీద ఉన్నాయి. క్రీస్తుపూర్వం 2వ శతాబ్దంలో రోమన్ సైన్యం ఇక్కడికొచ్చి ఇది మరపు నది అని భయపడిందట. దాటితే ఊరూ పేరూ అన్నీ మర్చిపోతామని ఎవరూ కదల్లేదట. సేనాని దేకిముస్ యూనియుస్ బ్రూతుస్ ఒక్కడే దాటి, ఆవలి ఒడ్డు నుంచి ఒక్కొక్క సైనికుణ్ణీ పేరు పెట్టి పిలిచాడట. ఈ కథకి బొమ్మలు కూడా పెట్టారు. ఒక ఒడ్డున సైనికుల వరస, ఎదుటి ఒడ్డున గుర్రం మీద సేనాని. అమ్మ వంతెన మధ్యలో ఆగి, మా పెదనాన్నల నుంచి మొదలుపెట్టి అందరి పేర్లూ వరసగా చెప్పుకుంది. పెదనాన్న ఇప్పుడెవర్నీ గుర్తుపట్టరు. నేనేం మాట్లాడలేదు.

నడక సంగతికొస్తే, నదికి రెండు వైపులా చదునైన బాట కిలోమీటర్ల కొద్దీ ఉంది. అలసిపోయిన చోట వెనక్కి తిరగొచ్చు, ఫలానా చోటికి చేరి తీరాలన్న బెంగ లేదు. పొలాల అంచున గ్రానైట్ రాతి స్తంభాలు పాతి, మనం కాకర పందిరి వేసినట్టు ద్రాక్షకి ఎత్తుగా పందిళ్లు వేస్తారు. కింద కూరగాయల మళ్లు. వాటి పక్కగా వెళ్లే దారుల్లో మే చివరి ఎండలో కూడా చల్లగా ఉంది. ఊరికి నాలుగు కిలోమీటర్ల దూరంలో బెర్తియాందోస్ మడుగులు, చిత్తడి నేలల్ని కాపాడే రామ్‌సార్ అంతర్జాతీయ ఒప్పందం కింద గుర్తింపు పొందిన చోటు. నీళ్లలో నిలబడ్డ చెట్ల మధ్య చెక్క వంతెనలు వేశారు. ఫ్లెమింగోల వంటి కనువిందు ఏదీ లేదు. కప్పల బెకబెకలు, పచ్చిక వాసన, ఆకుల్లోంచి పడే వెలుగు, అంతే. పక్షుల కోసమే అయితే నిరాశపడతారు.

ఇక్కడ కష్టం వాన. దేశంలో ఎక్కువ వానలు పడే ప్రాంతం ఇది. చలికాలంలో రోజుల తరబడి ముసురు. ఆ చెక్క వంతెనల మీద తడిస్తే పాచి సబ్బులా జారుతుంది. అమ్మ ఒకసారి జారి కమ్మీ పట్టుకుని నిలదొక్కుకుంది. అడుగున గట్టి గాడులున్న బూట్లు, ఒక చేతికర్ర తప్పనిసరి. ఇంకో మాట. స్పెయిన్‌లోని సంతియాగో పుణ్యక్షేత్రానికి యాత్రికులు నడిచి వెళ్లే, పసుపు బాణాల గుర్తులున్న దారి ఈ ఊరి మీదుగానే పోతుంది. బాగుంది కదా అని దాన్ని పట్టుకుని ఉత్తరానికి వెళ్తే లబ్రూజా కొండ ఎక్కుడు వస్తుంది, మోకాళ్లకి అది శిక్షే.

తిండి విషయంలో రెండు చోట్లా శాకాహారులు అడిగి తినాలి. ఉత్తరాన ఆకుకూర సూప్‌లో కూడా పంది సాసేజ్ ముక్క వేస్తారు. సరబూల్యో అన్నం అంటే పంది రక్తంతో వండేది. గ్వాదియానా వైపు మేం రొట్టె, మేక జున్ను, ఎండు అంజూర, బాదం తిని గడిపాం, హాయిగానే ఉంది.

మూడోది కూడా ఉంది, మధ్యలో మొందేగో లోయ. కొయింబ్రాలో మకాం పెట్టి కొనీంబ్రిగా రోమన్ శిథిలాలు, మొంతెమోర్ కోట, దాని కింద వరి పొలాలు చూడొచ్చు. రైలు సౌకర్యం బాగుంటుంది. కానీ అక్కడ చూడటం ఎక్కువ, నడవడం తక్కువ.

నన్ను ఒక్కటే చెప్పమంటే లీమా. చిత్తడి నేల, నది, చరిత్ర మూడూ ఒకే మకాం నుంచి నడిచి వెళ్లేంత దూరంలో ఉన్నాయి. నీడ ఉంది, వెనక్కి తిరిగే వీలుంది. మే, జూన్, సెప్టెంబర్ నెలల్లో వెళ్లండి. నవంబర్ నుంచి మార్చి మధ్యే సెలవు దొరికితే మాత్రం ఆలోచించకుండా గ్వాదియానా. కారు తీసుకోండి, మనిషికి రెండు లీటర్ల నీళ్లు పెట్టుకోండి, ఉప్పు మడులకి పొద్దున్నే వెళ్లండి.

ఇదంతా నా లెక్క. ఈసారి ఎక్కడికని అమ్మని అడిగితే, "ఆ పక్షి తొక్కుతుంటుంది చూడూ, అక్కడికే" అంది. వచ్చే ఫిబ్రవరికి చూస్తున్నాను.