ఎయిర్‌పోర్ట్ జాబ్ అని ఫోన్ వస్తే జాగ్రత్త, నేను 18,750 పోగొట్టుకున్నా

బెంగళూరులో జాబ్ వెతుక్కుంటా ఉండే మనోళ్ళందరికీ, ముఖ్యంగా మారతహళ్ళి, బీటీఎం పక్క పీజీల్లో ఉండి పొద్దున లేస్తే రెజ్యూమేలు పంపుకుంటా కూర్చునే పిల్లలకి చెప్తున్నా. ఎయిర్‌లైన్‌లో గ్రౌండ్ స్టాఫ్ పోస్టు ఉంది, నీ ప్రొఫైల్ షార్ట్‌లిస్ట్ అయింది అని ఫోన్ వచ్చి, ఆ మాటల్లో ఎక్కడన్నా డబ్బు ఊసు వచ్చిందంటే ఫోన్ పెట్టేయండి. నేను పెట్టలేదు. నాలుగు సార్లు డబ్బు వేసినా, మొత్తం 18,750 పోయింది. రాయడానికి సిగ్గుగానే ఉంది కానీ మా పీజీలోనే ఇంకో అమ్మాయికి మొన్న అదే టైపు కాల్ వచ్చింది, అందుకే రాస్తున్నా.

మాది మదనపల్లె, నాయన టమాటా మండీలో గుమస్తా. బీకాం అయినాక ఎనిమిది నెలలు ఈడ తిరిగినా, బీపీఓ తప్ప ఏం దొరకలే, నైట్ షిఫ్ట్ వద్దని అమ్మ ఒకటే పట్టు. ఒక జాబ్ సైట్‌లో రెజ్యూమే పెట్టిన మూడో రోజు కాల్ వచ్చింది. హెచ్‌ఆర్ అంట, హిందీ కలిసిన ఇంగ్లీష్, వెనకాల ఎయిర్‌పోర్ట్ అనౌన్స్‌మెంట్ కూడా వినపడ్తా ఉంది. అది రికార్డింగ్ అని తర్వాత అర్థమైంది, ఎందుకంటే వాడు ఎప్పుడు ఫోన్ చేసినా అదే దుబాయ్ ఫ్లైట్ బోర్డింగే. వాట్సాప్ డీపీలో పెద్ద ఎయిర్‌లైన్ లోగో, పేరు పక్కన పచ్చ టిక్కు ఉన్న ఎమోజీ. నేను దాన్ని వెరిఫైడ్ అనుకున్నా చూడండి.

ఇంటర్వ్యూ అని ఏడు నిమిషాలు మాట్లాడినాడు. ఎత్తు ఎంత, ఏ భాషలు వచ్చు, షిఫ్టుల్లో చేస్తావా, అంతే, సెలెక్ట్ అయిపోయినా. జీతం 32,500, క్యాబ్ వాళ్ళదే, తిండి వాళ్ళదే. ఫ్రెషర్‌కి ఏడు నిమిషాల ఫోన్‌కి ఇంత ఎవరిస్తారు అని అప్పుడు బుర్రకి తట్టలే, తట్టినా పక్కకి తోసేసి ఉంటా, నిజం చెప్పాలంటే.

మొదట రిజిస్ట్రేషన్ అని 1,250 అడిగినాడు, రిఫండబుల్ అన్నాడు. తర్వాత యూనిఫాం, ఐడీ కార్డు 4,800, అదీ రిఫండబులే. మూడోది గేట్ పాస్ అని 3,200. చివరికి ట్రైనింగ్ డిపాజిట్ 9,500, మొదటి జీతంతో కలిపి ఇస్తారంట. వాళ్ళ తెలివంతా ఈ మెట్లలోనే ఉంది, ఒకేసారి 18,000 అడిగుంటే నేను కాదు గదా మా వీధిలో ఎవరూ ఇవ్వరు, కానీ 1,250 వేసినాక 4,800 దగ్గర ఆగితే ఆ 1,250 పోతాది గదా అనిపిస్తాది, 3,200 దగ్గర ఆగితే ముందు వేసిందంతా పోతాది అనిపిస్తాది, అట్ల పోయిన డబ్బు కోసం ఉన్న డబ్బు పంపుకుంటా పోయినా. చివరి 9,500 నాయన దగ్గర తీసుకున్నదే, ఆయన మండీలో అడ్వాన్స్ అడిగి పంపించినాడు. నాలుగు పేమెంట్లూ నాలుగు వేరే వేరే పేర్లున్న యూపీఐలకి పోయినాయి, ఒకటి ఎవరిదో మొబైల్ షాపు క్యూఆర్. కంపెనీ డబ్బు మొబైల్ షాపుకి ఎందుకు పోతాది అని అడిగితే అకౌంట్స్‌లో ఆడిట్ నడుస్తా ఉంది అన్నాడు.

ఆఫర్ లెటర్ మాత్రం బలే పంపినాడు, రెండు పేజీలు. ఇప్పుడు చూస్తే నవ్వొస్తాది, లోగో పక్కకి సాగదీసినట్టు ఉంది, రౌండ్ సీలు రెండు పేజీల్లోనూ మిల్లీమీటరు తేడా లేకుండా ఒకే వంకరలో ఉంది, నా పేరు ఒకచోట కరెక్టు, ఇంకోచోట వేరే అమ్మాయి పేరు తీయడం మర్చిపోయినారు. ఆ అమ్మాయి ఎవరో, ఎంత కట్టిందో. మెయిల్ చూస్తే ఎయిర్‌లైన్ పేరు పక్కన కెరీర్స్ అని తగిలించిన జీమెయిల్. అసలు కంపెనీ హెచ్‌ఆర్ మెయిల్ వాళ్ళ సొంత డొమైన్ నుంచి వస్తాది, ఇండిగో వాళ్ళది గోఇండిగో డాట్ ఇన్, ఎయిర్ ఇండియాది ఎయిర్ ఇండియా డాట్ కామ్, అట్ల. మధ్యలో ఒక గీతో ఒక అక్షరమో ఎక్కువ పెట్టి అట్లాంటి డొమైనే కొంటారు కాబట్టి అట్ అనే గుర్తు తర్వాత ఉన్నదాన్ని అక్షరం అక్షరం చదవండి.

లెటర్‌లో సోమవారం పొద్దున 9:30కి టర్మినల్ 1 డిపార్చర్ గేట్ దగ్గర రిపోర్ట్ చెయ్యమని ఉంది. ఎయిర్‌పోర్ట్‌కి పోయే వాయు వజ్ర బస్సు ఎక్కి దేవనహళ్ళి దాకా పోయినా, కొత్త చుడీదార్, ఫైల్లో సర్టిఫికెట్లన్నీ. గేట్ దగ్గర సీఐఎస్ఎఫ్ ఆయన టికెట్ అడిగినాడు, లెటర్ ఇచ్చినా. మొదటి పేజీ సగం కూడా చదవలే, మడిచి చేతిలో పెట్టి పక్కకి నిలబడమన్నాడు. అక్కడ హెల్ప్ డెస్క్‌లో ఒకావిడ ఆ కాగితం చూసి "ఎష్టు కొట్రమ్మా?" అని అడిగింది. ఏం ఉద్యోగం అని అడగలే, ఎవరు రమ్మన్నారు అని అడగలే, ఎంత ఇచ్చినావు అనే అడిగింది. అప్పుడు తెలిసింది నాకు.

ఆ గేట్ పాస్ సంగతి కూడా చెప్పాల. ఎయిర్‌పోర్ట్ లోపల పనిచేసేవాళ్ళకి ఏఈపీ అని ఎంట్రీ పర్మిట్ ఉంటాది, అది విమానాశ్రయాల భద్రత చూసే కేంద్ర సంస్థ బీసీఏఎస్ కింద వచ్చేది, దానికి అప్లై చేసేది కంపెనీ, పోలీస్ వెరిఫికేషన్ అవ్వాల. ఎవడో ఫోన్‌పేలో 3,200 కొడితే వచ్చేది కాదు. ఇంకోటి, ఎయిర్‌పోర్ట్‌లో బ్యాగేజీ, చెకిన్ లాంటి పనులు చాలా వరకు ఎయిర్ ఇండియా శాట్స్ లాంటి గ్రౌండ్ హ్యాండ్లింగ్ కంపెనీలు చేస్తాయి, కాబట్టి వేరే కంపెనీ పేరు కనపడినంత మాత్రాన దొంగ అనుకోవద్దు, కానీ ఆ కంపెనీ సొంత వెబ్‌సైట్ కెరీర్స్ పేజీలో ఆ పోస్టు ఉందా లేదా చూడండి, వాళ్ళు పంపిన లింక్‌లో కాదు, మీరే టైప్ చేసి. జాబ్‌కి డబ్బు తీసుకోము అని పెద్ద ఎయిర్‌లైన్స్ వాళ్ళ సైట్లలోనే రాసి పెట్టుకున్నాయి. నేను చదివింది అంతా అయిపోయినాక.

ఇప్పటికే డబ్బు వేసేసినవాళ్ళు ఏడుస్తా కూర్చోకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో కంప్లైంట్ పెట్టండి. యూటీఆర్ నంబర్లు (ప్రతి పేమెంట్‌కి వచ్చే రిఫరెన్స్ నంబర్), స్క్రీన్‌షాట్లు దగ్గర పెట్టుకోండి, చాట్ డిలీట్ చెయ్యొద్దు. ఎంత తొందరగా చెప్తే డబ్బు అవతల అకౌంట్లో ఆపే చాన్స్ అంత ఎక్కువ. నేను శనివారం వేసి సోమవారం చెప్పినా, 2,100 మాత్రం హోల్డ్‌లో పడింది అన్నారు, అదీ ఇంకా నా చేతికి రాలే.

ఆధార్, పాన్ కూడా పంపేసినా నేను. అట్ల పంపినవాళ్ళు ప్రభుత్వ టెలికాం శాఖ వాళ్ళ సంచార్ సాథీ సైట్‌లో మీ పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో చూసుకోండి, ఆధార్ బయోమెట్రిక్ లాక్ చేయండి, సిబిల్ రిపోర్ట్ తీసి తెలియని లోన్ ఏమన్నా ఉందా చూడండి.

ఇంకా అయిపోలే. కంప్లైంట్ పెట్టిన వారానికి ఇంకో నంబర్ నుంచి కాల్, మీ డబ్బు రిఫండ్ వచ్చింది, క్యూఆర్ పంపినాం, స్కాన్ చేసి పిన్ కొట్టండి అని. డబ్బు మనకి రావడానికి పిన్ ఎందుకు, పిన్ కొట్టేది పోవడానికే గదా. ఈసారి ఫోన్ పెట్టేసినా.

నిన్న రాత్రి ఆ పాత నంబర్ వాట్సాప్‌లో తీసి చూసినా. ఆన్‌లైన్‌లోనే ఉన్నాడు. డీపీలో ఇప్పుడు వేరే ఎయిర్‌లైన్ లోగో.