పాత అపార్ట్‌మెంట్ స్ట్రక్చరల్ ఆడిట్, పిల్లర్ల జాకెటింగ్ (మల్కాజ్‌గిరి): 4/5

2024 డిసెంబర్ 4 పొద్దున ములుగు దగ్గర 5.3 భూకంపం వస్తే ఇక్కడ హైదరాబాద్‌లో కూడా చాలామందికి ఊగినట్టు తెలిసింది కదా, ఆ తర్వాతే మా అసోసియేషన్‌లో బిల్డింగ్ చెక్ చేయిద్దాం అనే మాట వచ్చింది. ముందు వేరే కాంట్రాక్టర్ ఒకాయన వాట్సాప్‌లో ఫొటోలు చూసి అన్ని పిల్లర్లకీ ఫైబర్ చుట్టేద్దాం అని కొటేషన్ పంపాడు. లోపల ఏముందో చూడకుండా ట్రీట్‌మెంట్ ఏంటండీ? వద్దని ఈ ఆడిట్, జాకెటింగ్ చేసిన వీళ్ళని పిలిచాం.

వీళ్ళు ఎక్కువసేపు కింద పార్కింగ్‌లోనే ఉన్నారు. పైన అంతా ఇటుక గోడలు కాబట్టి బిగుతుగా ఉంటది, కింద ఒట్టి పిల్లర్లే, భూమి ఊగితే ఆ ఊపంతా వాటి మీదే పడుద్ది. 2001 భుజ్ భూకంపంలో 200 కిలోమీటర్ల పైన దూరంలో ఉన్న అహ్మదాబాద్‌లో ఇలాంటి స్టిల్ట్ అపార్ట్‌మెంట్లు కూలాయి. మనది భూకంప ప్రమాదం తక్కువుండే జోన్ 2 కదా ఏం కాదులే అనేవాళ్ళు దయచేసి ఇది గుర్తుపెట్టుకోండి, రిస్క్ తక్కువ అంతే, అసలు లేదని కాదు.

హ్యామర్ టెస్ట్, అల్ట్రాసోనిక్ టెస్ట్ చేస్తే కాంక్రీట్ బాగానే ఉందని వచ్చింది. అక్కడితో ఆగకుండా మూల పిల్లర్‌లో బీమ్ కలిసే చోట కవర్ (రాడ్ల మీదుండే పై పొర కాంక్రీట్) కొట్టి, మెయిన్ రాడ్ల చుట్టూ కట్టే రింగులు మా కళ్ళకి చూపించారు చూడండి, అదీ పనంటే. బిల్డింగ్ కట్టినప్పుడు రింగుల కొసల్లో కొక్కేలు 90 డిగ్రీలకే వంచి వదిలేశారు, 135 వంచి కొసలు లోపలికి పోవాలి, లేకపోతే గట్టిగా ఊగినప్పుడు కవర్ ఊడి రింగు విచ్చుకుంటది, మెయిన్ రాడ్లు బయటికి వంగిపోతాయి. పైగా రింగుకీ రింగుకీ జానెడు దూరం! హ్యామర్ టెస్ట్‌లో ఇవేం తెలీవు.

పాత కాంక్రీట్ బిల్డింగుల్ని భూకంపానికి తట్టుకునేలా చేయడానికి ఉన్న ఐఎస్ 15988 అనే ఇండియన్ స్టాండర్డ్ ప్రకారం లెక్కేసి కొన్ని పిల్లర్లకే జాకెటింగ్ (పిల్లర్ చుట్టూ కొత్త రాడ్లు, కాంక్రీట్ వేసి లావు చేయడం) చెప్పారు, అదీ ఒక పక్కే బలం పెంచితే బిల్డింగ్ మెలితిరుగుద్దని రెండు వైపులా సమానంగా. పాత కాంక్రీట్ గరుకుగా చెక్కి, కొత్త రాడ్లు కింద ఫుటింగ్ (పునాది) నుంచి స్లాబ్‌కి హోల్స్ వేసి పైకి తీసుకెళ్ళారు. మీరు ఎవరితో చేయించినా ఈ రాడ్లు స్లాబ్ దగ్గర ఆగిపోకుండా పైకి వెళ్ళాయో లేదో మాత్రం దగ్గరుండి చూడండి.

ఒక స్టార్ ఎందుకు తగ్గించానంటే, పిల్లర్ చుట్టూ నాలుగేసి అంగుళాలు పెరిగి రెండు కార్లకి డోర్ తెరుచుకోవట్లేదు. ఆ కొలతలతో పార్కింగ్ డ్రాయింగ్ ముందే ఇచ్చుంటే మీటింగ్‌లోనే స్లాట్లు మార్చుకునేవాళ్ళం, ఇప్పుడు ఆ రెండు ఫ్లాట్ల వాళ్ళు మెయింటెనెన్స్ కట్టం అంటున్నారు.