బరువు తగ్గే ఇంజెక్షన్‌కి యాప్ డాక్టరా, ఊళ్లో డాక్టరా: ఏది మేలు?

మౌంజారో, వెగోవీ అనే ఈ ఇంజెక్షన్లు రెండూ 2025లో మన దేశంలో అమ్మకానికి వచ్చాయి. రాజోలులోనో అమలాపురంలోనో ఉన్నవాళ్లకి దారులు రెండు. కాకినాడో రాజమండ్రో వెళ్లి జనరల్ మెడిసిన్ డాక్టరుకి చూపించుకోవడం ఒకటి, యాప్‌లో వీడియో కన్సల్టేషన్ తీసుకుని మందు ఇంటికి తెప్పించుకోవడం రెండోది.

మొదటిసారి మాత్రం బస్సు ఎక్కడమే మేలు. యాప్‌లో ‘షుగర్ బిళ్ల వాడుతున్నాను’ అని టిక్కు పెట్టేసి ఊరుకుంటారు చాలామంది. ఆ బిళ్లలో గ్లిమిపిరైడ్ అనే మందు ఉంటే, ఇంజెక్షన్‌తో కలిసి షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. దాని డోసు ముందే తగ్గించాల్సి రావచ్చు. వాడే మందుల అట్టలన్నీ సంచిలో వేసుకెళ్లండి. ఎప్పుడైనా పాంక్రియాస్ (క్లోమగ్రంథి) వాచిందా, రక్తసంబంధీకుల్లో మెడల్లరీ థైరాయిడ్ క్యాన్సర్ ఉందా, గర్భం ఆలోచన ఉందా అన్నవి అడగకుండా చీటీ రాసే డాక్టరు ఎదురుగా ఉన్నా, తెరమీద ఉన్నా ఒకటే, వద్దు. బరువు సంగతీ అంతే: ఈ మందు రాయడానికి సాధారణంగా చూసే బీఎంఐ (ఎత్తుకీ బరువుకీ లెక్క) 30 అంటే, 165 సెంటీమీటర్ల మనిషికి దాదాపు 82 కిలోలు. యాప్‌కి మీరు చెప్పిందే లెక్క, క్లినిక్‌లో కాటా చెబుతుంది.

తర్వాత నెలనెలా చూపించుకోవడానికి ఫోనే హాయి. వెగోవీ వారానికి 0.25 మిల్లీగ్రాములతో, మౌంజారో 2.5తో మొదలవుతాయి; నాలుగు వారాలయ్యాక పెంచుతారు. వికారం, వాంతులు, మలబద్ధకం ఎక్కువగా డోసు పెంచినప్పుడే పట్టుకుంటాయి. పెంచాలా, ఇంకో నెల ఆగాలా అని అడగడానికి కడుపులో తిప్పుతుంటే బస్సులో కూర్చోనక్కర్లేదు. వీపులోకి పాకే కడుపునొప్పి తగ్గకపోతే మాత్రం ఫోన్ పక్కన పెట్టి ఆసుపత్రికి పరుగెత్తాలి.

యాప్‌లు అమ్మే ప్యాకేజీల దగ్గర జాగ్రత్త. 2020 టెలిమెడిసిన్ (ఫోన్, వీడియో వైద్యం) మార్గదర్శకాల ప్రకారం చీటీమీద డాక్టరు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. మందు మీకు నచ్చిన షాపులో కొనుక్కోవచ్చు. చీటీ కాపీ చేతికివ్వకుండా ‘మందు మేమే పంపుతాం’ అంటే అక్కడితో ఆపేయండి.

మందు కొనడం టౌనులో ఫ్రిజ్ ఉన్న మెడికల్ షాపులోనే. ఇది 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. మే ఎండలో పార్సిల్ ఓ పూట కొరియర్ ఆఫీసులో ఆగిపోతే చల్లదనానికి పెట్టిన జెల్ ప్యాక్ నీరైపోతుంది, పెన్ను (మందు నింపిన ఇంజెక్షన్) చూస్తే తేడా తెలియదు. షాపు నుంచి తెచ్చుకునేటప్పుడు ఐస్ నేరుగా తగలకుండా గుడ్డలో చుట్టండి. గడ్డకట్టిన మందు కరిగినా పనికిరాదు. ఒక్కో పెన్నులో నాలుగు వారాల డోసులుంటాయి కాబట్టి, మూత తీశాక కూడా వేసవిలో దాని చోటు ఫ్రిజ్‌లోనే, ఫ్రీజర్‌కి దూరంగా కింది అరలో.