వారానికి రెండు రోజుల బడి: హైబ్రిడ్ క్లాసికల్ స్కూలుతో ఎనిమిదేళ్ళు

డాలస్‌కు ఉత్తరాన మేముండే ఊళ్ళోని ఒక హైబ్రిడ్ క్లాసికల్ స్కూల్లో మా అమ్మాయి 2017 ఆగస్టులో మూడో తరగతిలో చేరి, 2025 మే నెలలో పదో తరగతి పూర్తి చేసింది. మా అబ్బాయి అదే బడిలో ఒకటి నుంచి ఐదు వరకు చదివి, ఆరో తరగతికి మా ఇంటి దగ్గరి ప్రభుత్వ పాఠశాలకు మారిపోయాడు. అందువల్ల ఒకరికి కుదిరిన సంగతీ, ఇంకొకరికి కుదరని సంగతీ రెండూ నాకు తెలుసు. ఇక్కడి తెలుగువాళ్ళు కలిసినప్పుడల్లా ఒకటే అడుగుతారు: "రెండు రోజులే బడి అయితే మిగతా మూడు రోజులు పిల్లలేం చేస్తారండీ?" పిల్లలేం చేస్తారో చెప్పడం తేలికే. ఆ మూడు రోజులు తల్లో తండ్రో ఏం చెయ్యాలో చేరకముందు ఎవరూ విడమరిచి చెప్పరు కనుక, ఈ సమీక్షలో ఎక్కువ భాగం దాని గురించే.

పిల్లలు వారంలో కొన్ని రోజులు క్యాంపస్‌లో ఉపాధ్యాయుల దగ్గర చదువుకుని, మిగిలిన రోజుల్లో ఆ ఉపాధ్యాయులే రాసిచ్చిన పాఠాన్ని ఇంట్లో తల్లిదండ్రుల దగ్గర చదవడం ఈ హైబ్రిడ్ పద్ధతి. కాలేజీ విద్యార్థుల టైంటేబుల్‌ను పోలి ఉంటుంది కాబట్టి దీనికి యూనివర్సిటీ మోడల్ అని పేరు వచ్చింది. దీని మొదటి బడి మాకు గంట ప్రయాణం లోపలే ఉన్న ఆర్లింగ్టన్‌లో 1993లో మొదలైంది. ఆ మరుసటి ఏడాది, 1994లో, టెక్సస్ సుప్రీంకోర్టు ఇంటి చదువును (హోమ్‌స్కూలింగ్‌ను) ప్రైవేటు పాఠశాల చదువుగానే చూడాలని తీర్పు ఇచ్చింది. మా బడిలో ఆరో తరగతి దాకా మంగళ, గురువారాలు క్యాంపస్. ఏడు నుంచి సోమ, బుధ, శుక్రవారాలు. ఇంట్లో చెప్పేవాళ్ళను కో-టీచర్ అంటారు. ఆ మాట విన్నప్పుడు నాకు గౌరవంగా అనిపించింది కానీ, అది ఉద్యోగమని అర్థం కావడానికి ఒక సెమిస్టర్ పట్టింది.

ఆదివారం సాయంత్రం ఈమెయిల్‌లో వారపు పాఠాల పట్టిక వస్తుంది. మూడో తరగతి బుధవారం పట్టికలో ఉండేవి ఇవి: లెక్కల్లో ఒక పాఠం, ముప్ఫై లెక్కలు, ఒక పేరా చూచిరాత, ముందురోజు చూసి రాసిన పేరాకే ఉక్తలేఖనం, లాటిన్ పదాలు, విభక్తులు గట్టిగా వల్లె వెయ్యడం, చరిత్రలోని సంఘటనల వరుస అప్పజెప్పడం, అరగంట పైకి చదవడం, చదివింది పుస్తకం మూసి తన మాటల్లో చెప్పడం. మా చిన్నప్పటి ప్రాథమిక పాఠశాలలో ఈ చూచిరాత, ఉక్తలేఖనం, అప్పజెప్పడం అన్నీ ఉన్నవే కాబట్టి, అమెరికాలో డబ్బు కట్టి మరీ వాటి దగ్గరికే వచ్చామని మావారు నవ్వేవారు. బడి లెక్క ప్రకారం ఇదంతా మధ్యాహ్నం ఒంటిగంటకు ముగియాలి. ఏడాది పొడుగునా ఒంటిగంటకు ముగిసిన రోజులు నాకు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్నే గుర్తున్నాయి. చిన్నవాడు పక్కన పేచీ పెడుతుంటే మూడు దాటేది.

మొదటి ఏడాది నవంబరులో నేను చేసిన తప్పు ఒకటి ఇప్పటికీ మా ఇంట్లో చెప్పుకుంటాం. భాగహారం పాఠం ఇంటి రోజున పడింది. పట్టికతో పాటు ఇచ్చిన సూచనల కాగితం తెరవకుండా, నాకు వచ్చిన భాగహారమే కదా అని, ఎడమపక్క భాజకం, మధ్యలో విభాజ్యం, కుడిపక్క బ్రాకెట్ గీసి భాగఫలం, మా మాస్టారు నేర్పినట్టే నేర్పించాను. ఇక్కడ భాగఫలాన్ని విభాజ్యం నెత్తిన రాస్తారు, ఏ అంకె ఏ స్థానంలో ఉందో దాని పైనే పడేట్టు. మర్నాడు క్యాంపస్‌లో పాప బోర్డు దగ్గర నిలబడి రెండు పద్ధతులూ కలిపి, సగం కుడిపక్క, సగం పైన రాసి, జవాబులో సున్నా ఒకటి పోగొట్టుకుని ఏడ్చింది. ఉపాధ్యాయిని రాసిన ఉత్తరంలో కోపమేమీ లేదు: "ఇద్దరం ఒకే పాఠం చెబుతున్నాం, కనుక ఒకే దారిలో చెబుదాం" అన్నది మాత్రం సూటిగా తగిలింది. ఇంటి చదువులో తల్లికి ఉండే స్వేచ్ఛ ఇందులో ఉండదు. పుస్తకం వాళ్ళది, వేగం వాళ్ళది, మార్కులు వాళ్ళవి. మన వంతు చెప్పి చేయించడం. ఇంటి చదువు ఇష్టపడి వచ్చిన మా స్నేహితురాలొకామె ఇదే కారణంతో ఏడాదికే మానుకుంది, ఆమె నిర్ణయం సరైనదే.

ఇక క్లాసికల్ అన్న మాట సంగతి. మధ్యయుగపు ఐరోపాలో చదువుకు పునాదిగా ఉన్న వ్యాకరణం, తర్కం, వక్తృత్వం అనే మూడింటినీ కలిపి ట్రివియం అంటారు. 1947లో ఆక్స్‌ఫర్డ్‌లో చేసిన ఒక ప్రసంగంలో డరొతీ సేయర్స్, డిటెక్టివ్ నవలలు రాసిన ఆవిడే, ఈ మూడింటినీ పిల్లల ఎదుగుదలలో మూడు దశలకు ముడిపెట్టారు: చిన్నప్పుడు చిలకలా పట్టెయ్యడం, తర్వాత ప్రతిదానికీ ఎదురు వాదించడం, ఆ తర్వాత తన మాట తాను అందంగా చెప్పాలనుకోవడం. ఇప్పటి క్లాసికల్ స్కూళ్ళు చాలావరకు ఆ అమరిక మీదే నడుస్తున్నాయి. మన దగ్గర చిలకపలుకులు అంటే తిట్టు. ఇక్కడ మాత్రం అర్థం తర్వాత వస్తుంది, ముందు నోటికి రానివ్వమంటారు.

దీని విలువ నాకు మా నాన్నగారి వల్ల తెలిసింది. ఆయన తెనాలి దగ్గర తెలుగు పండితులుగా పనిచేసి రిటైరైనవారు. 2018లో ఆరు నెలలు మా దగ్గర ఉన్నప్పుడు, ఒక ఉదయం పాప వంటింటి బల్ల మీద చేత్తో తాళం కొడుతూ "మెన్సా, మెన్సే, మెన్సే, మెన్సామ్, మెన్సా" అని వల్లె వేస్తుంటే, పేపరు పక్కన పెట్టి విన్నారు. విని, అదే తాళానికి "రామః, రామౌ, రామాః" అందుకున్నారు. పాప ఆగిపోయి, "తాతయ్యా, మీకు లాటిన్ వచ్చా?" అంది. ఆ వారమంతా ఇద్దరూ పోల్చుకుంటూ కూర్చున్నారు. ద్వివచనం లేదని తెలిసి ఆయన ఆశ్చర్యపోయారు. పాప పుస్తకంలో ఐదే వరుసలు చూసి, చివరి విభక్తి ఏ పనులు చేస్తుందో అడిగి తెలుసుకుని, "తృతీయ, పంచమి, సప్తమి మూడూ ఒకే గదిలో సర్దేశారే అమ్మాయ్!" అన్నారు నాతో. నిజమే, లాటిన్‌లో ఆ మూడు పనుల్లో చాలావరకు ఒక్క విభక్తే మోస్తుంది. అప్పటిదాకా శిక్షగా చదివిన పిల్ల ఆ తర్వాత లాటిన్‌ను ఒక పొడుపుకథలా చదివింది. వారానికి ఐదు రోజులూ బడిలోనే ఉండే పిల్ల ఉదయం పది గంటలకు తాతగారి ఎదుట విభక్తులు వల్లించే అవకాశం ఉండేది కాదు కనుక, ఇంటి రోజుల వల్ల మాకు కలిగిన లాభాల్లో దీన్నే ముందు చెబుతాను.

మతం విషయం దాచకుండా చెప్పాలి. ఈ కోవ బడుల్లో ఎక్కువ భాగం క్రైస్తవ బడులు. కొన్నింటిలో తల్లిదండ్రులు విశ్వాస ప్రకటన మీద సంతకం చేస్తేనే ప్రవేశం. మా బడి ఇతర మతాల పిల్లలను చేర్చుకుంటుంది గానీ, బైబిల్ తరగతి, ప్రార్థన సమావేశం అందరికీ ఉంటాయి. మాది హిందూ కుటుంబమని, బైబిల్‌ను పాఠంగా చదివిస్తామని మొదటి ఇంటర్వ్యూలోనే చెప్పాం. వాళ్ళూ మర్యాదగానే ఒప్పుకున్నారు. ఎనిమిదేళ్ళలో ఎవరూ ఒత్తిడి చెయ్యలేదు. అయినా చరిత్ర పాఠమంతా గ్రీసు, రోము, చర్చి, ఐరోపా దారిలోనే నడిచింది; అశోకుడు ఒక వాక్యంలో వచ్చి వెళ్ళిపోయాడు. ఆ లోటు మేమే పూడ్చుకోవలసి వచ్చింది, సగమే పూడ్చగలిగాం.

ఏడో తరగతి నుంచి తర్కం మొదలైంది. తప్పుడు వాదనలకు పేర్లు నేర్పి, ప్రకటనల్లోనూ ఉపన్యాసాల్లోనూ వాటిని పట్టుకోమంటారు. ఇంట్లో మా మాటల్లోనూ పట్టుకుంటుందని వేరే చెప్పనక్కర్లేదు. చిన్నప్పుడు కథ విని తిరిగి చెప్పిన పిల్లే పదో తరగతి వచ్చేసరికి ఒక విషయాన్ని ముందు సమర్థిస్తూ, తర్వాత వ్యతిరేకిస్తూ రెండు వ్యాసాలు రాసి, రెండూ నిలబెట్టగలిగింది. రాయడం, మాట్లాడటం అనే రెండింట్లో ఈ చదువుకు నేను పూర్తి మార్కులు ఇస్తాను.

లెక్కల్లో మాత్రం ఇవ్వలేను. ఆల్జీబ్రా దశలో వారానికి రెండు ఇంటి రోజులు అంటే, వారంలో దాదాపు సగం పాఠం తల్లిదండ్రుల మీద పడుతుంది. మావారు రాత్రి ఎనిమిదికి ల్యాప్‌టాప్ మూసి చెప్పేవారు, అప్పటికి పిల్ల అలిసిపోయేది. 2022లో బయట ట్యూటర్‌ను పెట్టాం. ఇంటి చదువు పేరుతో ఫీజు కట్టి, ఇంటి చదువుకు మళ్ళీ ఫీజు కట్టడం విచిత్రంగానే ఉంటుంది.

అబ్బాయి సంగతి వేరు. వాడికి ప్రతిరోజూ అదే స్నేహితులు, అదే మైదానం కావాలి. బుధవారం ఉదయం అమ్మ పంతులమ్మగా మారడం వాడికి ఏనాడూ నచ్చలేదు. చూచిరాత దగ్గర పెన్సిల్ ముక్కు విరిచి చెక్కుకుంటూ అరగంట గడిపేవాడు. నాలుగో తరగతి చివరికి మా ఇద్దరి మధ్యా పాఠం తప్ప వేరే మాట లేకుండా పోయింది. ఇంకో ఏడాది లాగి, 2024 ఆగస్టులో మార్చాం. ఇప్పుడు సాయంత్రం బడి కబుర్లు వాడే చెబుతాడు.

ఖర్చు లెక్కలో ఫీజు చిన్నది. ఐదు రోజుల ప్రైవేటు స్కూళ్ళకయ్యే దాంట్లో సగం కన్నా తక్కువే కట్టాం. పెద్ద ఖర్చు నా ఉద్యోగం. హెచ్-4, అంటే హెచ్-1బీ ఉద్యోగుల భార్యాభర్తలకిచ్చే వీసా, ఉన్నవాళ్ళలో కొందరికి పని అనుమతి 2015లో మొదలైంది. అది చేతికొచ్చి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో రెండేళ్ళు చేశానో లేదో, పాప కోసం మానేశాను. తిరిగి సగం రోజు పనిలో చేరింది అబ్బాయి బడి మారాకనే. ఇంట్లో ఇద్దరూ పూర్తి ఉద్యోగం చేస్తూ ఈ పద్ధతి నడుపుతామంటే నేను నమ్మను, నడిపిన కుటుంబం మా బడిలో నాకు కనపడలేదు.

కాలేజీ మాట కూడా మనవాళ్ళకు ముఖ్యమే. టెక్సస్‌లో 1997 నాటి చట్టం ప్రకారం హైస్కూలు తరగతిలో మొదటి పది శాతంలో ఉన్నవారికి రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో నేరుగా ప్రవేశం ఉంటుంది. ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో ఆ గీత ఇంకా పైన ఉంటుంది. తరగతిలో ఇరవై మందే ఉంటే పది శాతమంటే ఇద్దరు. హైస్కూల్లోనే కాలేజీ స్థాయిలో చదివే ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) కోర్సులు మా బడిలో లేవు, బదులుగా కమ్యూనిటీ కాలేజీ తరగతులు తీసుకోవచ్చు. ఎస్ఏటీ లాంటి కాలేజీ ప్రవేశ పరీక్షే అయిన, 2015లో వచ్చిన క్లాసిక్ లర్నింగ్ టెస్టును 2023 నుంచి ఫ్లోరిడా ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు కూడా తీసుకుంటున్నాయి. పాప మాత్రం మామూలుగా ఎస్ఏటీకే తయారవుతోంది.

చేరాలనుకునేవారు క్యాంపస్ చూపించే రోజున గోడ మీది లాటిన్ సూక్తులు చూసి వచ్చెయ్యకండి. మీ పిల్లల తరగతి వారపు పట్టిక ఒకటి నిజమైనది అడిగి తీసుకుని, ఒక సెలవు రోజున ఇంట్లో దాన్ని మొదటి నుంచి చివరిదాకా చేయించి చూడండి. ఎనిమిదో తరగతి లెక్కల పట్టిక కూడా అడగండి. మేము రెండూ అడగలేదు.

పాప పదకొండులో కూడా అక్కడే ఉంటానంది. పన్నెండో తరగతిలో ఒక థీసిస్ రాసి, ఉపాధ్యాయుల ఎదుట నిలబడి సమర్థించుకోవాలి. ఆ థీసిస్‌కు ఇచ్చిన పనుల పట్టికలో తల్లిదండ్రుల వరుస ఖాళీగా ఉంది. ఎనిమిదేళ్ళలో నా పేరు లేకుండా వచ్చిన మొదటి కాగితం అదే.